మా ఊరి బస్సులో ఎలక్ట్రాన్లు

పరమాణువు బస్సులాంటిదని పిల్లలకు చెబుతారు. బస్సెక్కినవాడు ఖాళీ సీటు కనిపిస్తుంటే ఎవరి పక్కనా కూర్చోడు. అన్ని సీట్లలోనూ ఒక్కొక్కరు చేరాకే, వచ్చినవాడు ఇంకొకరి పక్కన సర్దుకుంటాడు. ఎలక్ట్రాన్లూ ఆర్బిటాళ్ళలో అలాగే నిండుతాయి. దీన్ని హుండ్ నియమం అంటారు. చెప్పిన మేష్టారి తప్పు లేదు. విన్న పిల్లల తప్పూ లేదు. మా డిపో మేనేజరు పరాంకుశంగారు పక్కగదిలో కాఫీ తాగుతూ విన్నారు. తప్పు అక్కడ జరిగింది.

ఆయన కూతురు ఇంటర్ మొదటి సంవత్సరం. ట్యూషను మేష్టారు ఇంటికొచ్చి చెప్పేవాడు. ఆ సాయంత్రం మేష్టారు వెళ్ళిపోయాక పరాంకుశంగారు చల్లారిన కాఫీ ముందు చాలాసేపు కూర్చున్నారట. పరమాణువు సృష్టి మొదలైనప్పటి నుంచి నడుస్తోంది, ఎక్కడా బ్రేక్‌డౌన్ కాలేదు. మన బస్సు రోజూ జీడితోట మలుపులో ఆగిపోతోంది. రెండూ ఒకలాంటివే అయితే ఈ తేడా ఎందుకు? పరమాణువు నియమాలు పాటిస్తుంది, మన ప్రయాణికులు పాటించరు. అంతకుమించి ఆయనకు కారణం కనబడలేదు.

మర్నాడు సర్క్యులర్ వచ్చింది.

డ్రైవరును కేంద్రకం అన్నారు. కేంద్రకానికి ధనావేశం ఉంటుంది కాబట్టి ప్రయాణికులను ఆకర్షించేలా నవ్వుతూ ఉండాలన్నారు. మా బస్సు డ్రైవరు ఉద్యోగంలో చేరాక నవ్వలేదు. ఆయన నవ్వడం మొదలుపెట్టాక ముందు సీట్లలో పిల్లలు ఏడ్చారు. ఆర్బిటాల్‌లో ఇద్దరికి మించి పట్టరు కాబట్టి ముగ్గురు కూర్చునే వరసల్లో మూడో సీటును రంపంతో కోయించారు. నిలబడినవాళ్ళను ఉత్తేజిత స్థితిలో ఉన్నవాళ్ళుగా పరిగణించారు. అలాంటివాడు కూర్చున్నప్పుడు కాంతి వెలువడాలి. అందుకని సీటు దొరికినవాడు కూలబడేముందు టార్చిలైటో సెల్‌ఫోను లైటో ఒకసారి వెలిగించి ఆర్పాలి. లైటు లేనివాడు నిలబడే ఉండాలి.

డిపోలో మెకానిక్కులను ఇళ్ళకు పంపేశారు. ఏ పరమాణువు ఎప్పుడు క్షీణిస్తుందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు, ఇంత కాలంలో సగం క్షీణిస్తాయని మాత్రం చెప్పగలం, అదే అర్ధాయువు. బస్సు నట్లూ అంతే. ఏ నట్టు ఎప్పుడు ఊడుతుందో తెలియనప్పుడు బిగించడం అశాస్త్రీయం అని నోటీసుబోర్డులో పెట్టారు. ఆ వారంలో సైలెన్సరు ఊడి రోడ్డు మీద పడింది. బరువైన ముక్క కాబట్టి దాన్ని ఆల్ఫా కణం కింద రాసుకున్నారు. హారను ఎక్కడ పట్టుకుందో, ఆగలేదు. గోడలు దూసుకుపోయే ఆ మోత గామా కింద చేరింది.

ఇవన్నీ మేం భరించాం. భరించడం మాకు కొత్త కాదు.

మా పక్కింట్లో దాలినాయుడు, పారమ్మ అని ఇద్దరు ముసలివాళ్ళు. దాలినాయుడికి రెండు కళ్ళలోనూ శుక్లాలు. మనిషి నీడ తెలుస్తుంది, మనిషి తెలియడు. పారమ్మకు చెవుడు. పక్కన పిడుగు పడినా మబ్బేసిందా అని ఆకాశం వైపు చూస్తుంది. అతను విన్నది ఆమె చేతిలో వేలితో గీసి చెబుతాడు. ఆమె చూసింది అతని చెవిలో అరిచి చెబుతుంది. ఇద్దరూ పక్కపక్కన ఉంటే ఒక పూర్తి మనిషి. విడదీస్తే ఎవరూ లేరు.

పట్నంలో కంటాసుపత్రి ఏడాదికోసారి ఉచిత శిబిరం పెడుతుంది. దాలినాయుడి పేరు అందులో వచ్చింది. ఆపరేషను చేసేది అక్కడే. మా ఊరికి ఆటో రాదు. ఉన్నది ఆ బస్సొక్కటే.

సర్క్యులర్ వచ్చిన వారమే వాళ్ళు బయల్దేరారు. నేనూ సంతకని అదే బస్సెక్కాను. కండక్టరు లింగంనాయుడు తలుపు దగ్గరే వాళ్ళను ఆపాడు.

"తాతా, నువ్వు ముందు సీట్లో కూకో. ముసిలప్పని ఎనక్కి పంపించు."

"ఏటి బావూ, మా ముసిల్దాని పక్కన నాను కూకుంటే నీకేటి నొప్పి?"

"నాకేటి నేదు. రూలు. సీటుకొక మడిసి. అన్నీ నిండినాకే జతలు."

"ఎవలు పెట్టినారు రూలు?"

"ఎలట్రాన్లట."

"ఆళ్ళు ఏ ఊరోలు?"

"ఏటంతన్నాడు?" అని పారమ్మ అరిచింది. బస్సు అద్దాలు అదిరాయి.

దాలినాయుడు ఆమె అరచేతిలో వెనక్కి అని గీశాడు. ఆమె మొగుణ్ణి, కండక్టరును, బస్సును ఒకేసారి తిట్టుకుంటూ చివరి సీటుకు పోయింది. మొగుణ్ణి ముందు కూర్చోబెట్టారు. మధ్యలో ఎలక్ట్రాన్లు. నేను ఒక ఎలక్ట్రాన్‌ని.

జీడితోట మలుపులో బస్సు ఆగింది. ఎవరో ఆడమనిషి "దిగండి, దిగండి" అని తన పిల్లలను తొందరపెట్టింది. దాలినాయుడు అది తన పెళ్ళాం గొంతే అనుకున్నాడు. దిగిపోయాడు. బస్సు కదిలాక నాకు తెలిసింది. నేను అరిచాను. డ్రైవరు వెనక్కి తిరిగి నవ్వాడు, ఆపలేదు. తర్వాతి స్టాపులో దిగి అతని కోసం వెనక్కి నడిచాను.

పారమ్మ ఆసుపత్రి పచ్చగేటు చూసి దిగింది. మొగుడు ముందే దిగి లోపలికి పోయాడనుకుని తనూ లోపలికి పోయింది. అక్కడ నర్సమ్మ "ఆపరేషను ఎవరికి?" అని అడిగింది. పారమ్మకు వినబడలేదు. వినబడనప్పుడు ఆమె తలూపుతుంది. కూర్చోబెట్టి రెండు కళ్ళలోనూ మందు వేశారు. గంట తర్వాత డాక్టరు వచ్చి చూసి, ఈ కళ్ళతో గద్ద కూడా సర్దుకుపోగలదని చెప్పి పంపేశాడు. మందు దిగేదాకా ఆమెకు వినబడనూ లేదు, కనబడనూ లేదు. గోడ పట్టుకుని నిలబడి, "ఓ ముసిలోడా" అని అరుస్తూ ఉందట. దాలినాయుడు జీడితోటలో ఒక ఆవుతో మాట్లాడుతూ దొరికాడు. దారి అడుగుతున్నాడు.

శిబిరంవాళ్ళు మంచివాళ్ళు. ఇంకో తేదీ ఇచ్చారు. శుక్రవారం. శిబిరానికి అదే ఆఖరు రోజు. అది తప్పితే మళ్ళీ ఏడాదికి.

దాలినాయుడికి ఇంకో ఏడాది మిగిలి ఉందని ఊళ్ళో ఎవరికీ గట్టి నమ్మకం లేదు. అతనికీ లేదు. "సచ్చే లోపల దీని మొకం ఒకపాలి సూడాల" అనేవాడు. పారమ్మకు వినబడేది కాదు.

అతన్ని తీసుకుని నేను డిపోకు పోయాను. ఎంక్వైరీ కిటికీలో గుమాస్తా బస్సు ఎక్కడుందో చెబితే ఎంత వేగంతో వస్తోందో చెప్పనన్నాడు. ఎలక్ట్రాన్ విషయంలో రెండూ ఒకేసారి చెప్పడం ప్రకృతి విరుద్ధమట. గుమాస్తాను వదిలి లోపలికి పోయాం.

పరాంకుశంగారి గది గోడల నిండా గీసిన చక్రాలు, చక్రాల మీద చుక్కలు. ఆయన మమ్మల్ని కూర్చోమన్నారు. నేను ఒక కుర్చీలో కూర్చున్నాను. దాలినాయుడు నా పక్క కుర్చీ తడుముకున్నాడు.

"దూరంగా ఉన్న కుర్చీ ముందు," అన్నారు ఆయన. దాలినాయుడు గోడవారకు పోయాడు.

నేను విషయం చెప్పాను.

"మీ ఆవేదన సంస్థ దృష్టికి వచ్చింది," అన్నారు ఆయన. "ప్రజాహితార్థం సంస్థ నిరంతరం కృషి చేస్తున్నది. అయితే నియమానికి మినహాయింపులు రెండే. ఒకటి క్రోమియం. రెండోది రాగి."

"ఇతను మనిషండి."

"మనిషికి మినహాయింపు లేదు."

"గుడ్డివాడికైనా?"

"ఎలక్ట్రాన్‌కు కళ్ళున్నాయని ఎక్కడైనా చదివారా?"

నేను చదవలేదు. నా చదువు మా ఊరి బడితోనే ఆగింది.

"మొగుడూ పెళ్ళాలు పక్కపక్కన కూర్చోకూడదా?" అన్నాను.

"నిరభ్యంతరంగా కూర్చోవచ్చు. అన్ని సీట్లలోనూ ఒక్కొక్కరు చేరిన పిమ్మట. అప్పుడు కూడా ఒకరు ముందుకు, ఒకరు వెనక్కు తిరిగి కూర్చోవాలి. ఒకే ఆర్బిటాల్‌లో రెండు ఎలక్ట్రాన్లకు స్పిన్ వ్యతిరేకంగా ఉండి తీరాలి. మీరు మీ శ్రీమతితో ప్రయాణిస్తారా?"

"నా భార్య పోయింది."

ఆయన మొహం వెలిగింది. "మంచిది. సగం నిండిన ఆర్బిటాళ్ళకు అధిక స్థిరత్వం. మీరిప్పుడు చాలా స్థిరంగా ఉన్నారన్నమాట."

దాలినాయుడు గోడవారనుంచి నా వైపు తల తిప్పాడు. చూపు లేకపోయినా నన్ను చూశాడు. ఆ మాట లోపల పెట్టుకున్నాను. ఇప్పటికీ ఉంది.

అంతలో లింగంనాయుడు చొక్కా చిరిగి వచ్చాడు. బస్టాండులో తువ్వాలు గొడవ. మా వైపు బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరితే సీటు వాడిది. తాతల నాటి హక్కు. తువ్వాలు తీసి పక్కన పడేసినవాడిని తన్నినా పోలీసులు పట్టించుకోరు. కొత్త రూల్లో తువ్వాలు సంగతి లేదు. లింగంనాయుడు ఒక తువ్వాలు తీశాడు. జనం అతని చొక్కా తీశారు.

"తువ్వాలు మనిషా కాదా, తేల్చి సెప్పండి సార్," అన్నాడు. "నా కాడ ఇంకొక్క సొక్కాయే ఉంది."

పరాంకుశంగారు కళ్ళు మూసుకున్నారు. తెరిచినప్పుడు గొంతు మారింది.

"ఎలక్ట్రాన్ ఫలానా చోట ఉందని చెప్పలేం. ఉండే అవకాశం ఉన్న చోటును మాత్రమే చెప్పగలం. ఆ అవకాశమే మేఘంలా పరుచుకుని ఉంటుంది. తువ్వాలు మనిషి కాదు లింగంనాయుడూ. తువ్వాలు, మనిషి ఉండే అవకాశం. కనుక తువ్వాలు పరిచిన సీటు ఒకరితో నిండినట్టే భావించబడుతుంది. అనుబంధ ఉత్తర్వు టైపు చేయించు."

బయటికొచ్చాక దాలినాయుడు, "ఏటన్నాడు కూర్మయ్యా, జరుగుతాదా?" అన్నాడు.

"జరగదన్నాడు. ఎలా జరుగుతుందో కూడా చెప్పాడు," అన్నాను.

ఇంకో పిడుగు బుధవారం పడింది. పరాంకుశంగారు ప్రయాణికుల లెక్కను మనుషుల్లో కాక మోల్‌లలో పంపాలని అంతకుముందే ఆదేశించారు. సూక్ష్మ కణాలను ఒకటొకటిగా లెక్కపెట్టడం అనాగరికమన్నారు. ఒక మోల్ అంటే ఆరు రాసి పక్కన ఇరవైమూడు సున్నాలు పెడితే వచ్చేంత మంది. లింగంనాయుడు బస్సెడు జనాన్ని దానితో భాగించాడు. చుక్క పెట్టి సున్నాలు మొదలుపెట్టాడు. సున్నాలు గడి దాటాయి, కాగితం అంచు దాటాయి, బల్ల మీదికి వచ్చాయి. విసిగిపోయి సున్నా అని రాసి పంపాడు. తర్వాత రోజూ అదే రాశాడు. హెడ్డాఫీసు చూసింది. ఆ రూటులో ఇన్నాళ్ళుగా ఒక్క ప్రయాణికుడూ లేడని తేలింది. శుక్రవారం ట్రిప్పుతో మా ఊరి బస్సు రద్దు.

"నెక్క సరిగ్గానే ఏసినాను మావా," అన్నాడు లింగంనాయుడు. "మనం తక్కువున్నాం."

శుక్రవారం పొద్దున పారమ్మ మొగుడికి తల దువ్వి, ఉతికిన చొక్కా వేసి తెచ్చింది. ఊరు ఊరంతా బస్సు దగ్గరికి వచ్చింది. ఆఖరి బస్సని కొందరు, పని ఉండి కొందరు. నేను అందరికీ ఒకటే మాట చెప్పాను. తువ్వాళ్ళు వెయ్యండి, ఎవరూ ఎక్కకండి.

బస్సు పట్నం నుంచి వచ్చి మా రచ్చ దగ్గర తిరిగింది. దిగేవాళ్ళు దిగారు. పరాంకుశంగారు మాత్రం దిగలేదు. ఆఖరి ట్రిప్పులో పరిపూర్ణ పరమాణువును కళ్ళారా చూసుకోవాలని వచ్చారు.

కిటికీల్లోంచి తువ్వాళ్ళు పడ్డాయి. తువ్వాలు లేనివాళ్ళు తలపాగా వేశారు. ఒకామె చంటిపిల్ల పక్కగుడ్డ వేసింది. దాని మీద ఎవరూ కూర్చోరని ఆమె ధైర్యం. ఒకడు లుంగీ విప్పి వేశాడు. లోపల నిక్కరు ఉందని అప్పటిదాకా మాకు తెలియదు. సీట్లు నిండుతూ వచ్చాయి. దాలినాయుడి ఎర్రగళ్ళ తువ్వాలు పారమ్మ విసిరింది. మూడో వరసలో సరిగ్గా సీటు మధ్య పడింది. ఆమె చూపు అలాంటిది. నా తువ్వాలు దాని వెనక సీట్లో వేశాను.

ఒక సీటు మిగిలింది. వెయ్యడానికి గుడ్డ ఎవరి దగ్గరా లేదు. లుంగీవాడు నిక్కరు వైపు చూసుకున్నాడు. ఆడవాళ్ళు వద్దని అరిచారు.

నా సంచీలో ఇంకో తువ్వాలు ఉంది. నీలిరంగు అంచుది. ప్రయాణానికి రెండు పెట్టుకోవడం అలవాటు. రెండోదానితో ఇప్పుడు పని లేదు. అలవాటుకు ఆ సంగతి తెలియదు. అది తీసి విసిరాను.

లింగంనాయుడు ఒకసారి లోపల ఈ చివరినుంచి ఆ చివరికి నడిచాడు. "సార్, అన్నిట్లోనూ ఒక్కొక్కలు ఉన్నారు సార్."

బస్సులో మనిషన్నవాడు లేడు. పరాంకుశంగారి కళ్ళు చెమర్చాయి. "జతలను అనుమతించు," అన్నారు.

దాలినాయుడు ఎక్కి తన తువ్వాలు భుజాన వేసుకుని కూర్చున్నాడు. పారమ్మ పక్కన, వెనక్కి తిరిగి, సీటు మీద మోకాళ్ళు పెట్టుకుని కూర్చుంది. ఆమె టార్చి వెలిగించి మొగుడి మొహంలో కొట్టింది. "వెలుగు తెలస్తందే," అన్నాడు అతను. ఇద్దరూ చేతులు పట్టుకున్నారు. మిగతావాళ్ళం ఎక్కాం. లైట్లు వెలిగాయి, ఆరాయి. బస్సు కదిలింది.

పరాంకుశంగారు ఒక్కో సీటు దగ్గరా ఆగి, పరవశించి, ముందుకు సాగారు. నా దగ్గరికి వచ్చారు. నడవకు అవతలి సీట్లో నీలి అంచు తువ్వాలు ఒంటరిగా ఉంది. అందరి తువ్వాళ్ళూ భుజాలకెక్కాయి. అదొక్కటే మిగిలింది.

"ఈ తువ్వాలు ఎవరిది?"

"నా భార్యది."

"వారు ఎక్కడ?"

"పోయిందని మొన్న చెప్పాను."

"ఎక్కడికి?"

లింగంనాయుడు గొంతు సవరించుకున్నాడు. "సచ్చిపోనాది సార్."

పరాంకుశంగారు తువ్వాలు వైపు చూశారు. "అయితే ఈ సీటు ఖాళీ," అన్నారు. "ఖాళీ ఉండగా జత కుదరదు. ఆ వృద్ధ దంపతులను విడదీయాలి. లింగంనాయుడూ, ముసలామెను ఇక్కడికి మార్చు."

దాలినాయుడు విన్నాడు. పెళ్ళాం చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఏటంతన్నాడు?" అని ఆమె అరిచింది. అతను ఆమె అరచేతిలో ఏమీ గీయలేదు.

జీడితోట మలుపు వస్తోంది.

నేను లేచాను. "సార్, తువ్వాలు మనిషి కాదు, మనిషి ఉండే అవకాశం అన్నారు."

"అన్నాను."

"ఆ అవకాశం ఎక్కడిదాకా ఉంటుంది?"

"కేంద్రకం నుంచి దూరం పెరిగేకొద్దీ తగ్గుతుంది."

"ఇంకా దూరం పోతే?"

"ఇంకా తగ్గుతుంది."

"సున్నా ఎక్కడవుతుంది?"

ఆయన ఇంట్లో మేష్టారి మాటలు గుర్తు తెచ్చుకుంటున్నట్టు పెదాలు కదిపారు. నాకు జవాబు తెలియదు. తెలిసి అడగలేదు. నాకు వేరే దారి లేదు.

"పూర్తిగా సున్నా కాదు," అన్నారు చివరికి. "ఎంత దూరం పోయినా కాదు. శాస్త్రం ఒప్పుకోదు."

"చాలా దూరమే పోయింది," అన్నాను.

హారను మోగుతూనే ఉంది.

పరాంకుశంగారు నిటారుగా నిలబడ్డారు. "లింగంనాయుడూ. ఆ తువ్వాలును ఎవరూ కదపరాదు. ప్రయాణికురాలు మార్గమధ్యంలో ఎక్కే అవకాశం కలదు. ఉత్తర్వుగా భావించు."

పట్నం పొలిమేరలో ఆసుపత్రి గేటు దాటీ దాటకముందే పారమ్మ మొగుడి నెత్తిమీద టార్చితో ఒక్కటిచ్చింది. "పచ్చగేటు!" అని అరిచింది. "ఆపండహో!" అని అతను అరిచాడు. డ్రైవరు నవ్వుతూ ఆపాడు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని దిగారు. నేనూ దిగాను. తువ్వాలు తీయలేదు. ఉత్తర్వు ఉంది.

కట్టు విప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను. దాలినాయుడు రెప్పలు కొట్టుకున్నాడు. ఎదురుగా పారమ్మ. చాలాసేపు చూశాడు.

"ఇన్నాళ్ళూ ఈ ముసిల్దాని సెయ్యి పట్టుకునా తిరిగినాను!" అన్నాడు.

ఆమెకు వినబడలేదు. తలూపింది. "నాను సెప్పలే? కనిపిస్తాదని నాను సెప్పలే?" అని అరిచింది. పక్క మంచాల్లో కట్లు కట్టుకున్నవాళ్ళంతా ఉలిక్కిపడి లేచారు.

బస్సు రద్దయింది. పరాంకుశంగారు హెడ్డాఫీసుకు పోయారు, పెద్ద కుర్చీలోకి. ఆ రూటులో ప్రమాదాలు సున్నా, ఫిర్యాదులు సున్నా, ప్రయాణికులు సున్నా. అంత శుభ్రమైన రికార్డు రాష్ట్రంలో ఇంకొకరికి లేదట. మా ఊరికిప్పుడు ఆటోలు వస్తున్నాయి. ఆటోకు రసాయన శాస్త్రం రాదు. డ్రైవరు ఒళ్ళో కూడా ఒకడు కూర్చుంటాడు. దాలినాయుడికి చూపొచ్చింది, ఇంక ఎక్కడ కూర్చున్నా దిగగలడు. అయినా పారమ్మను పక్కన కూర్చోబెట్టుకోవడానికి ఎవడో ఒకణ్ణి తోస్తాడు.

మొన్న డిపో వైపు పోయాను. మా బస్సు గోడవార నిలబెట్టి ఉంది. చక్రాలు లేవు. సగం నట్లు క్షీణించాయి. లింగంనాయుడికి ఇప్పుడు దాని కాపలా పని. కిటికీలోంచి చూశాను. నీలి అంచు వెలిసిపోయింది. తువ్వాలు మాత్రం ఉంది.

చెయ్యి లోపల పెట్టాను.

"తియ్యకూడదు మావా," అన్నాడు లింగంనాయుడు. "ఉత్తర్వు అలాగే ఉంది. ఎవలూ రద్దు సెయ్యలేదు."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.